సిరి వస్తానంటే మోకాలడ్డానా?

ప్రశ్న: టీచరమ్మగారికి నమస్కారాలు. మాది గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున ఉన్న పల్లె. నాకు 28 ఏళ్లు. పర్లాకిమిడిలో బి.కాం. చదివి, భువనేశ్వర్‌లో గది అద్దెకు తీసుకుని ఐదేళ్లు పోటీ పరీక్షలకు చదివాను. రెండుసార్లు కొద్ది మార్కుల్లో ఉద్యోగం తప్పింది. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాను. 8 లక్షలు ఇస్తే గుమస్తా ఉద్యోగం వేయిస్తానని ఒక మధ్యవర్తి నాన్నకు చెప్పాడు. కాలవ కింద ఉన్న ఎకరంన్నర అమ్మడానికి నాన్న సిద్ధపడ్డారు. నేను వద్దన్నాను. సిరి వస్తానంటే మోకాలడ్డుతున్నానని అప్పటినుంచి ఆయన నాతో మాట్లాడడం మానేశారు. మా ఊళ్లో తెలుగు తప్ప రానివాళ్లకు ఒడియా ఫారాలు ఊరికే నింపి పెడుతుంటాను. నిన్న కూడా ఒక ముసలమ్మ, పేరులో తేడా ఉందని తిరిగి వచ్చిన పింఛను కాగితం తెచ్చి నా దగ్గర పెట్టి వెళ్లింది. సంత వీధిలో గది ఖాళీగా ఉంది, ఇదే పని దుకాణంగా పెట్టుకోమని స్నేహితుడు అంటున్నాడు. డిగ్రీ చదివి ఫారాలు రాసుకుని బతకడమా అనిపిస్తుంది. నేను డబ్బు కట్టవద్దన్నది నిజంగా విలువల కోసమేనా, లేక భయపడి ఆ భయానికి విలువ అని పేరు పెట్టుకున్నానా? వచ్చిన అవకాశాన్ని చేజార్చుకున్నానా?

సమాధానం:

బాబూ, నన్ను టీచరమ్మా అని పిలిచావు కనుక నిన్ను నువ్వు అనే సంబోధిస్తున్నాను. నీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. అందులో ఉద్యోగం గురించి అడిగినదానికన్నా, నీ నిజాయితీ మీద నీకే కలిగిన అనుమానం గురించి అడిగిన చివరి రెండు వాక్యాలే నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచాయి. అందుచేత ముందు వాటికే జవాబు చెబుతాను.

నువ్వు భయపడ్డావు. అందులో సందేహం లేదు, సిగ్గుపడవలసినదీ లేదు. తండ్రి చెమట ఓడ్చి నిలబెట్టుకున్న భూమిని ముక్కూముఖం తెలియని మనిషి చేతిలో పెట్టవలసి వచ్చినప్పుడు భయం కలగని కొడుకు ఉంటే నేను అతణ్ణి గురించి దిగులు పడతాను. కాని భయం ఉన్నంత మాత్రాన విలువ లేనట్టు కాదు. మనం చేసే చాలా మంచి పనుల్లో ఈ రెండూ కలిసే ఉంటాయి. తేడా తెలుసుకోవడానికి నాకు తెలిసిన దారి ఒకటే. గాలికి పోయే పేలపిండిని కృష్ణార్పణం అన్నామా, లేక తినగలిగినదాన్నే పక్కన పెట్టామా అని మనల్ని మనం అడగడం. ఆ ఉద్యోగం తప్పకుండా వస్తుందని, ఎన్నటికీ ఎవరికీ తెలియదని నీకు నమ్మకం కలిగి ఉంటే ఏమి చేసేవాడివి? ఒంటరిగా కూర్చుని ఆలోచించు. జవాబు 'అప్పుడు కట్టేవాణ్ణేమో' అని వచ్చినా కుంగిపోకు; నీ విలువ ఇంకా లేత మొక్కగా ఉందని మాత్రమే దాని అర్థం. 'అప్పుడూ కట్టను, ఎందుకంటే నాలాగే రెండు మార్కులు తప్పినవాడి కుర్చీ అది' అని వస్తే, నీ అనుమానం అక్కడితో తీరిపోయినట్టే.

ఇక ఆ మధ్యవర్తి తెచ్చింది అవకాశమేనా అన్నది చూద్దాం. ఇటువంటివాళ్లు పనిచేసే తీరు మన ప్రాంతంలో చాలా ఇళ్లకు తెలుసు గాని, పరువు పోతుందని ఎవరూ పైకి చెప్పరు. ఒకే ఉద్యోగ ప్రకటనను చూపించి పదిమంది దగ్గర డబ్బు తీసుకుంటాడు. ఆపైన అతను చేసేది ఏమీ ఉండదు. ఆ పదిమందిలో ఇద్దరు తమ చదువుతోనే ఎంపికవుతారు. ఆ ఇద్దరి డబ్బూ అతనిది అవుతుంది, వాళ్లు జీవితాంతం అతని వల్లనే ఉద్యోగం వచ్చిందనుకుంటూ ఉంటారు. మిగిలిన ఎనిమిదిమందిలో గట్టిగా అడిగినవాళ్లకు కొంత తిరిగి ఇస్తాడు, అడగలేనివాళ్లకు 'వచ్చే నోటిఫికేషన్' అంటాడు. రసీదు ఉండదు కనుక ఫిర్యాదు ఉండదు. పైగా 2018లో సవరించిన తరువాత 1988 నాటి అవినీతి నిరోధక చట్టం లంచం ఇచ్చినవారిని కూడా నేరస్థులుగానే చూస్తుంది. ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. బలవంతం మీద ఇవ్వవలసి వచ్చినవారు ఏడు రోజుల లోపల అధికారులకు తెలియజేస్తేనే వారికి రక్షణ ఉంటుంది. ఒకవేళ ఆ మనిషి నిజంగానే ఉద్యోగం వేయించగలవాడే అయినా, నీ రహస్యం అతని చేతిలో ఉండగా నువ్వు కూర్చునే ఆ బల్ల మీదికి రేపు అతను ఏ కాగితం తెచ్చి పెట్టినా కాదనగలవా? ఈ మాటలన్నీ మీ నాన్నగారికి నిదానంగా చెప్పదగినవి. చట్టం గురించి బెదిరింపుగా కాక, పొలం గురించి ఆరాటంగా చెప్పు.

మీ నాన్నగారిని గురించి ఒక్కమాట. ఆయన మీద నీకు కోపం ఉంది; ఉత్తరంలో దాన్ని దాచడానికి ప్రయత్నించావు. ఆయన తెలుగు తప్ప మరొకటి చదవలేరని ఊహిస్తున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది. 1954 నాటి చట్టంతో ఒడియా అధికార భాష అయింది. ఇందులో ఎవరిని తప్పుపట్టడానికీ లేదు, ఏ రాష్ట్రమైనా తన భాషలోనే పాలన జరుపుకుంటుంది. కాని మీ నాన్నగారి వంటి మనిషి తన పొలం పట్టాను, తన రేషను కార్డును, తన బిడ్డ మార్కుల కాగితాన్ని కూడా మరొకరి చేత చదివించుకుంటూ జీవితమంతా గడిపి ఉంటారు. అటువంటివారికి ప్రభుత్వోద్యోగం అంటే కొడుకు ఆఫీసు కిటికీకి అవతలి వైపున, అంటే కాగితం అందుకునే వైపున కూర్చోవడం. ఎకరంన్నర పోయినా ఫరవాలేదని ఆయన అనుకున్నది దురాశతో కాదు. నీతో మాట్లాడడం మానేసిన ఆ మనిషి నీ కోసం తన అన్నం పళ్లెం అమ్మడానికి సిద్ధపడ్డాడన్నది మరిచిపోకుండా ఆయన దగ్గరికి వెళ్లు.

ఇంతవరకు నేను నీ పక్షానే మాట్లాడాను. ఇక్కడినుంచి కొంచెం కఠినంగా ఉంటుంది.

ముప్పై ఏళ్లు పిల్లల వ్యాసాలు దిద్దిన అలవాటు కొద్దీ నీ ఉత్తరంలోని క్రియలను విడిగా చూశాను. చదివాను, తప్పింది, ఉన్నాను, వద్దన్నాను, అనిపిస్తుంది. నువ్వు ఈనాడు నీ చేతులతో చేస్తున్న పనిని చెప్పే క్రియ ఉత్తరం మొత్తంలో ఒక్కటే ఉంది: 'నింపి పెడుతుంటాను'. దాన్ని నువ్వు పనిలేనివాడు చేసే పనిలాగా, ఉత్తరం మధ్యలో ఎక్కడో ఇరికించావు. లంచం వద్దనడం సరైనదే. కాని వద్దన్న మరునాడు ఉదయం ఏమి చేశావన్న ప్రశ్న కూడా దానితోపాటే పుడుతుంది. తప్పుదారిన పోనన్నవాడు ఇంటి అరుగు మీద ఆరు నెలలు కూర్చుంటే చూసేవారికి అది నీతిగా కనబడదు, సోమరితనంగా కనబడుతుంది. కొంతకాలానికి అతనికే అలా కనబడడం మొదలవుతుంది. నీకు వచ్చిన అనుమానం అక్కడ పుట్టిందేనని నా ఊహ. నీ నిర్ణయంలో లోపం ఉండి కాదు, దానికి కొనసాగింపు లేక అది పుట్టింది.

ఈ మాట అనడానికి నాకున్న హక్కు ఒక్కటే, నేనూ అలాగే కూర్చున్నాను. 1983లో నా మొదటి ఉద్యోగం గుమ్మా కొండల్లో ఒక సవర గిరిజనుల పల్లెలో. ఒకటో తరగతి పిల్లలకు ఒడియా రాదు, తెలుగు రాదు. నాకు సవర రాదు. దాహం వేసిన పిల్ల ఆ సంగతి నాకు చెప్పలేక గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చేది. బడి వెనక ఇంట్లో ఉండే ఒక ముసలావిడ సాయంత్రాలు నా పక్కన కూర్చుని మాటలు చెప్పేది, నేను నోటుపుస్తకంలో మూడు గళ్లు గీసి సవర, ఒడియా, తెలుగు పక్కపక్కనే రాసుకునేదాన్ని. నూటనలభై మాటలు అయ్యాయి. దాన్ని చిన్న పుస్తకంగా చేసి చుట్టుపక్కల బడులన్నిటికీ ఇవ్వాలని నా కోరిక. అందుకు అనుమతి కోరుతూ పై ఆఫీసుకు అర్జీ పెట్టి జవాబు కోసం ఎదురుచూశాను. ఎదురుచూసినంతకాలం ఒక్క మాట కూడా కొత్తగా రాయలేదు, ఎందుకంటే అనుమతి వచ్చాక రాయవచ్చుననుకున్నాను. మూడేళ్లకు జవాబు రాలేదు గాని బదిలీ వచ్చింది. పుస్తకం నేటికీ నా పెట్టెలో ఉంది, సగం పేజీలు ఖాళీగా. ఆ పిల్లకు నీళ్లు ఇవ్వడానికి నాకు ఎవరి అనుమతీ అక్కరలేకపోయినట్టే, ఆ మాటలు రాయడానికీ అక్కరలేదన్న సంగతి నాకు ఎంతో ఆలస్యంగా తెలిసింది.

ఇందులో నన్ను మరింత బాధించేది, ఆ దారిని నాకన్నా ఎంతో ముందే ఒకరు మన ఊళ్లోనే నడిచి చూపించారన్నది. గిడుగు రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చిన్న తరగతికి ఉపాధ్యాయుడిగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. పూర్తిచేశారు. సవరలను చూసి వారి భాష నేర్చుకోవాలని ఆయనకు అనిపించినప్పుడు దానికి పాఠ్యపుస్తకం లేదు, లిపి లేదు, నేర్చుకోమన్నవారు లేరు, నేర్చుకుంటే పెరిగే జీతమూ లేదు. తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక మనిషిని ఇంట పెట్టుకుని నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మన్యపు జ్వరాలు తెచ్చుకున్నారు. వాటికి వాడిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతిన్నది. ఆ భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది, అంటే మొదలుపెట్టిన ముప్పై ఏళ్ల పైచిలుకుకు. ఈనాడు మనం వాడుక భాషా ఉద్యమకారుడిగా ఆయనను తలుచుకుంటూ, ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. రాత లేని భాషను నోటినుంచి విని నేర్చుకున్న మనిషికి, జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు ఉండాలని అనిపించడంలో ఆశ్చర్యం లేదని నేను అనుకుంటాను. సవర నేర్చుకునే రోజుల్లో ఇది అవకాశమని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. ఎదురుగా ఉన్న మనుషుల మాట తనకు అర్థం కావడం లేదన్నదే ఆయనకు చాలినంత కారణమయింది.

నిన్ను ఆయనతో పోల్చి బరువు పెట్టడం లేదు. నీ ఎదుట ఉన్న పని ఎంత నిజమైనదో చూడమంటున్నాను. ఆ ముసలమ్మ కాగితం ఎందుకు తిరిగి వచ్చిందో నీకు తెలుసు. ఒడియాలో ఎకారం, ఏకారం అని రెండు లేవు, ఒకటే. ఒకారం, ఓకారం కూడా అంతే. మన వకారం వారి నోట, రాతలో తరచు బకారమవుతుంది. అందుచేత ఇంట్లో వెంకటమ్మ అయిన మనిషి ఒక కార్డులో బెంకటమ్మ, ఇంకొక కార్డులో ఇంగ్లీషు అక్షరాల గుండా తిరిగి వచ్చి మరొక అమ్మ అవుతుంది. ముగ్గురూ ఒకరే అని రుజువయ్యేదాకా ఒడిశా ప్రభుత్వమిచ్చే మధుబాబు పింఛను ఆగిపోతుంది. భువనేశ్వర్‌లో కూర్చున్న అధికారికి ఈ చిక్కు కనబడదు, ఆ అమ్మకు అర్థం కాదు. రెండు లిపులూ తెలిసి, ఆధార్ సవరణ ఎక్కడ చేయించాలో, అఫిడవిట్ ఎలా రాయించాలో, తహసీల్ ఆఫీసులో ఏ బల్ల దగ్గరికి వెళ్లాలో ఎరిగిన మనిషి మధ్యలో ఉంటేనే ఆ పని జరుగుతుంది. 'డిగ్రీ చదివి ఫారాలు రాసుకోవడమా' అన్నావు. ఆ బి.కాం. వల్లనే కదా నీకు లెక్కా, ఒడియా, ఇంగ్లీషు వచ్చాయి; వాటితో ఒక ముసలిప్రాణానికి నెలనెలా బియ్యానికీ మందులకూ డబ్బు అందితే ఆ చదువుకు తక్కువేమిటో నాకు తెలియడం లేదు.

కాని ఊరికే చేయడం ఆపెయ్. ఇది నీకు రుచించకపోవచ్చు. డబ్బు తీసుకోకపోవడం వల్ల అది నీ దృష్టిలో పని కాకుండా పోయింది, నచ్చినప్పుడు చేసి నచ్చనప్పుడు రేపు రమ్మనే ఉపకారమైంది. సంతరోజున పొద్దున్నే తెరిచి, సాయంత్రం దాకా ఉండి, న్యాయమైన రుసుము తీసుకుని, రసీదు ఇచ్చి చేస్తే నిన్ను నమ్ముకుని వచ్చేవారికీ ఎక్కువ మేలు. ముందు గది అద్దెకు తీసుకోకుండా ఒక నెలపాటు ఇంటి అరుగు మీదే కూర్చుని, ఎవరు వచ్చారు, ఏ పని మీద వచ్చారు, ఎంత సేపు పట్టింది, ఎంత ఇవ్వగలిగారు అన్నది పుస్తకంలో రాయి. ఆ లెక్క బాగుంటే కంప్యూటరు, ప్రింటరు, జిరాక్సు యంత్రం గురించి ఆలోచించు. పూచీకత్తు లేకుండా 50,000 రూపాయల వరకు ముద్ర పథకంలో శిశు రుణం ఉంది. ఇంకా పెద్దగా చేయాలనుకుంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో పల్లెల్లో పెట్టే యూనిట్లకు సాధారణ వర్గం వారికి 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళలు వంటి ప్రత్యేక వర్గాల వారికి 35 శాతం రాయితీ ఉంది; మన చేతినుంచి పెట్టవలసినది 10 శాతం, ప్రత్యేక వర్గాలకు 5 శాతం. ప్రభుత్వ సేవలను ఆన్‌లైన్‌లో అందించే కామన్ సర్వీస్ సెంటర్ అనుమతి వస్తే ధ్రువపత్రాల దరఖాస్తులు కూడా నీ దగ్గరే చేయవచ్చు. వీటిలో వేటికీ ఎకరంన్నర అమ్మనక్కరలేదు. ఆదాయం మొదట్లో తక్కువగానే ఉంటుంది, ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పు.

అయితే ఒక ప్రమాదం గురించి నిన్ను హెచ్చరించకుండా ఉండలేను, నా దృష్టిలో నీ విలువలకు అసలైన పరీక్ష అక్కడే. నువ్వు కూర్చోబోయే కుర్చీ, నీ ఇంటికి వచ్చిన ఆ మధ్యవర్తి కుర్చీకి చాలా దగ్గరగా ఉంటుంది. చదవలేని మనిషికీ ఆఫీసుకూ మధ్య కూర్చున్నవాడి దగ్గర ఏదో ఒకరోజు ఒక ఫైలు ఆగుతుంది, 'ఐదువందలు ఇస్తే కదులుతుందని ఆమెకు చెప్పు, నీకు వంద' అనే మాట వస్తుంది. 8 లక్షలకు వద్దనడం సులభం, ఎందుకంటే అది పెద్దది, భయపెడుతుంది. వందరూపాయలు భయపెట్టవు. దానికి ఇప్పుడే, కుర్చీ కొనకముందే ఏర్పాటు చేసుకో. ప్రతి పనికీ ప్రభుత్వ రుసుము ఎంత, నీ రుసుము ఎంత అన్నది తెలుగులోనూ ఒడియాలోనూ పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాయించి గుమ్మం దగ్గర తగిలించు. చదవలేనివారికి చదివి వినిపించు. ఆ బోర్డు వల్ల ఎదుటివాళ్లకన్నా నీకే ఎక్కువ కాపు ఉంటుంది.

పరీక్షలు పూర్తిగా మానేయమని నేను అనను. మన పిల్లల కష్టం నాకు తెలుసు. పర్లాకిమిడి నుంచి సరిహద్దు దాటితే పాతపట్నం పది నిమిషాల దూరమే అయినా, రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వచ్చిన 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఒడిశాలో చదివినవారు ఆంధ్ర ఉద్యోగాలకు స్థానికులు కారు. ఇక్కడేమో చిన్ననాటినుంచి ఒడియాలో కలలు కన్నవారితో పోటీపడాలి. అయినా రెండుసార్లు అంచుదాకా వెళ్లినవాడివి, మూడోసారి వెళ్లడంలో తప్పు లేదు. తెల్లవారుజామున రెండు గంటలు చదువు, ఏ పరీక్షతో ఆపాలో ఇప్పుడే నిర్ణయించి ఆ తేదీని మీ అమ్మగారికి చెప్పు. అమ్మకు చెప్పిన తేదీని వాయిదా వేయడం కష్టం. పని ఉన్నవాడు రాసే పరీక్షకూ, పరీక్ష తప్ప మరేమీ లేనివాడు రాసే పరీక్షకూ చేతి వణుకులో ఎంత తేడా ఉంటుందో నా విద్యార్థుల్లో చూశాను.

నాన్నగారితో మాటలతో మొదలుపెట్టకు. ఆయన చదవలేని కాగితాలు ఇంట్లో ఎక్కడో ఒక రేకు పెట్టెలో ఉంటాయి. పొలం పట్టా తీసి, అందులో ఆయన పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం సరిగా ఉన్నాయో లేదో ఆయన పక్కన కూర్చుని ఒక్కొక్క గడీ తెలుగులో చదివి వినిపించు. అమ్మబోయిన ఎకరంన్నర కాగితాన్ని ఆయన బహుశా మొదటిసారిగా పూర్తిగా వింటారు. ఆ తరువాత మధ్యవర్తి లెక్క చెప్పవచ్చు, సంత వీధి గది సంగతీ చెప్పవచ్చు.

దానికన్నా ముందు ఆ ముసలమ్మ కాగితం ఉంది. నీ ఉత్తరం రాసిన రోజుకు అది నీ బల్ల మీదే ఉంది, ఈ సమాధానం నీకు చేరేసరికి ఇంకా అక్కడే ఉంటుందేమోనని నా బెంగ. రేపు ఉదయం మొదటి బండికి ఆమెను వెంటబెట్టుకుని ఆధార్ కేంద్రానికి తీసుకువెళ్లు. ఆమె పేరును ఆమె నోటితోనే రెండుసార్లు పలికించి, ఆ తరువాత రాయించు.